మా అత్త కాలూ, నా జువాలజీ పాఠమూ

సావనీరుకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గంలోని మిత్రుడొకడు నెల రోజులుగా నా వెంటబడుతున్నాడు. నాకు కవిత్వం రాదు, కథ చేతకాదు. "నీకు తెలిసిందేదో రాయి, పో" అన్నాడు చివరికి విసుగు పుట్టి. నాకు కాస్త తెలిసింది కండరాల పాఠం ఒక్కటే. అదైనా ఒకసారి తప్పుగా నేర్చుకుని, ఆ తప్పుకు మా ఇంట్లో ఒకరు జరిమానా కట్టిన తర్వాత మళ్లీ నేర్చుకున్న పాఠం. అదే రాస్తున్నాను. సైన్సు వాళ్లకు ఇందులో కొత్త సంగతులు కొన్నే ఉంటాయి, ఆర్ట్సు మిత్రులు మాత్రం రెండు పేరాలు ఓపిక పట్టాలి.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో మైక్రోస్కోపుల కింద మూడు స్లైడ్లు పెట్టి, "ఏది ఏదో చెప్పండి" అన్నారు. మొదటిది అస్థికండరం. పొడుగాటి పీచులు, వాటి మీద అడ్డంగా ఒక నల్ల చార, ఒక తెల్ల చార. మా అత్త బట్టలు కుడుతుంది. చారల గుడ్డ కుట్టేటప్పుడు జేబు మీది చార చొక్కా మీది చారతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలంటుంది. ఆ స్లైడులో చారలన్నీ అట్లా కలిసి ఉన్నాయి. రెండోది నునుపు కండరం. దీనికి చారల్లేవు. రెండు కొసలా సన్నబడి నడుమ లావెక్కిన కదురులాంటి కణాలు, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి పడుకున్నట్టు ఉంటాయి. మూడోది గుండె కండరం. చారలున్నాయి గాని పీచులు కొమ్మలు కొమ్మలుగా చీలి ఒకదానితో ఒకటి అతుక్కుని ఉన్నాయి. మూడూ సరిగ్గా చెప్పాను. మార్కులు వేశారు. అంతటితో కండరాలంటే ఏమిటో నాకు తెలిసిపోయిందనుకున్నాను.

పుస్తకం ప్రకారం మన మాట వినేది మొదటి రకం ఒక్కటే. ఎముకలకు అంటుకుని ఆరువందల పైచిలుకు కండరాలున్నాయి, మనిషి బరువులో సుమారు నలభై పాళ్లు వాటిదే. మిగతా రెండు రకాలూ మన పెత్తనం ఒప్పుకోవు. మింగిన సంగటి ముద్దను పేగుల్లోకి తోసేదీ, ఎండలోంచి ఇంట్లోకి వస్తే కంటిపాపను పెద్దది చేసేదీ, ఒళ్లు గగుర్పొడిస్తే వెంట్రుకను నిలబెట్టేదీ నునుపు కండరమే. మా అవ్వ ఆరుగురిని కన్నది. అన్నిసార్లూ నొప్పులు పడింది ఆమె అయినా, బిడ్డను బయటికి తోసిన పనిలో ముఖ్యభాగం గర్భసంచి గోడలోని ఈ చారలు లేని కండదే. ఇక గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే. కొమ్మలుగా అతుక్కుని ఉండటం వల్ల ఒక కణం బిగిస్తే ఆ కబురు పక్కదానికి, దాని నుంచి ఆ పక్కదానికి పోయి అన్నీ ఒక్క ఊపున బిగిస్తాయి. కప్ప గుండెను కోసి ఉప్పునీళ్లలో వేస్తే అది చాలాసేపు కొట్టుకుంటూనే ఉండేదని పాత విద్యార్థులు చెబుతారు. ఇప్పుడు కప్పల కోతలు లేవు, మేం వీడియోలో చూశాం. కండబలం వేరు, గుండెబలం వేరు అంటారు గదా పెద్దలు, శరీరశాస్త్రం ఆ మాట ఒప్పుకోదు. గుండె కూడా కండే.

సెలవుల్లో ఊరికి పోయి ఇదంతా ఇంట్లో చెప్పినాను. మాది పెనుమూరు దగ్గర చిన్న పల్లె. చెరుకూ, వేరుశెనగా, నాలుగు ఆవులూ మా జీవనం. నాయన సగం విని పాలు పితకడానికి లేచిపోయినాడు. అత్త మాత్రం మిషను తొక్కడం ఆపి మొత్తం వినింది. ఆమె నాయన చెల్లెలు, పెళ్లి లేదు, మాతోనే ఉంటుంది. ఎడమకాలు పోలియో. ఆ కాలి పిక్క నా మణికట్టు కంటే లావుండదు. చేత్తో ఎడమ తొడను పట్టుకుని అడుగేస్తుంది. నేను చెప్పడం అయిపోయినాక కాలు వంక చూసుకుని, "మొదటి రకం కండలు మనం చెప్పినట్టు వింటాయంటివి. మరి ఇది ఎందుకు వినదురా?" అనింది.

నాకు జవాబు తెలుసు. పోలియో అని ఒక్క మాటలో చెప్పేసినాను. అది జబ్బు పేరేగాని జవాబు కాదని అప్పుడు తట్టలేదు.

జవాబు చెప్పాలంటే, కండ అసలు మాట ఎట్లా వింటుందో చెప్పాలి. నడవాలని మెదడు అనుకుంటే ఆ మాట వెన్నుపాములోకి దిగుతుంది. వెన్నుపాము ముందువైపు చలన నాడీకణాలున్నాయి. ఒక్కొక్కదాని నుంచి ఒక తీగ బయల్దేరి కండరం దాకా పోతుంది. కణం కంటికి కనబడనంత చిన్నది, దాని తోక మాత్రం నడుము నుంచి పాదం దాకా మూడడుగులు! కాలువలోంచి మళ్లల్లోకి నీళ్లు చీలినట్టు ఆ తీగ కొసన అనేక పాయలుగా చీలి, ఒక్కో పాయ ఒక్కో కండర పీచును తాకుతుంది. కంటిగుడ్డును కదిపే కండరంలో ఒక నాడీకణం కింద ఏ పది పీచులో ఉంటాయి. పిక్కలోనైతే వెయ్యికి పైనే. తాకిన చోట ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం ఊరుతుంది. దాంతో పీచు మీద విద్యుత్తు అలలాంటిది పుడుతుంది, లోపలి సంచుల్లో దాచిపెట్టిన కాల్షియం బయటపడుతుంది, పీచు బిగుసుకుంటుంది.

బిగుసుకోవడమంటే ఏమిటి? పీచు లోపల లావు దారాలు మయోసిన్‌వి, సన్న దారాలు ఆక్టిన్‌వి. నల్ల చార లావు దారాలుండే చోటు, తెల్ల చార సన్న దారాలు మాత్రమే ఉండే చోటు. కండ బిగిసినప్పుడు దారాలు కురచ కావు, ఒకదాని సందుల్లోకి ఒకటి జారుతాయి. అందుకే నల్ల చార వెడల్పు అట్లాగే ఉంటుంది, తెల్లది సన్నబడుతుంది. మయోసిన్ దారానికి చిన్న చిన్న తలలున్నాయి. బావిలో చేద తోడేటప్పుడు చెయ్యి మార్చి చెయ్యి వేసి తాడు లాగుతామే, సరిగ్గా అట్లాగే ఈ తలలు ఆక్టిన్ దారాన్ని పట్టుకుని లాగి, వదిలి, ముందుకు జరిగి మళ్లీ పట్టుకుంటాయి. ఈ జారుడు సిద్ధాంతం 1954లో వచ్చింది. ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె ఒక జట్టు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకో జట్టు, విడివిడిగా పని చేసి 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ప్రకటించారు. ఆ హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం లేదు. మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ 1954లోనే. ఈ రెంటికీ సంబంధం లేదని నాకూ తెలుసు, అయినా ఆ తారీఖు ఈ జన్మకు మరచిపోను.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. లాగడానికి శక్తి కావాలంటే సరే, పట్టు వదలడానికి కూడా ఏటీపీ కావాలి. ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే మయోసిన్ తల దారాన్ని విడుస్తుంది. మనిషి చచ్చిపోయిన తర్వాత ఏటీపీ తయారీ ఆగిపోతుంది గనుక పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోతాయి. పీనుగ కొయ్యబారేది అందుకు. మా ఊళ్లో ప్రాణం పోగానే పెద్దవాళ్లు తొందరపడి కాళ్లు చాపి, బొటనవేళ్లు కలిపి కట్టి, దవడకు గుడ్డ చుడతారు. మూడు నాలుగు గంటలు దాటితే ఎవరి తరమూ కాదని వాళ్లకు బయోకెమిస్ట్రీ అక్కరలేకుండానే తెలుసు.

ఆ ఏటీపీని కండరంలో కనిపెట్టిన వాళ్లలో ఒకరు తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పని చేశాడు. 1927లో ఇద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. అది ఏటీపీకి గల్లాపెట్టెలో చిల్లరలాంటిది, పది సెకండ్ల పరుగుకు సరిపోతుంది. 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. అంతకుముందు కండ పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పెద్ద పెద్దవాళ్లు నమ్మేవారు. ఆ నమ్మకం కూలడం ఇక్కడి నుంచే మొదలైంది. సుబ్బారావుకు హార్వర్డులో శాశ్వతోద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి పోయాడు, 1948లో పోయాడు. నేను చదివిన పుస్తకంలో ఏటీపీ అనే మాట పేజీకి పదిసార్లుంది, ఆయన పేరు ఒక్కసారి లేదు.

సరే, నా తప్పు దగ్గరికి వస్తాను. దానికి ముందు కొండ సంగతి చెప్పాలి.

తిరుపతిలో చదివిన వాళ్లకు అలిపిరి మెట్లు పరిచయం చెయ్యక్కరలేదు. 3,550 మెట్లు. మొదటి ఏడు మిత్రులందరం నడిచి ఎక్కి, బస్సు డబ్బులు మిగుల్చుకుందామని నడిచే దిగాం. ఎక్కేటప్పుడు రొప్పు తప్ప ఏమీ లేదు. మర్నాడు హాస్టలు మేడ మెట్లు దిగలేక గోడ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగాం. లాక్టిక్ ఆమ్లం పేరుకుందని ఒకడన్నాడు. అది గంటా రెండు గంటల్లో పోయేదే. అసలు కారణం దిగడం. దిగేటప్పుడు తొడ ముందరి కండ ఒకవైపు మన బరువును పట్టి ఆపుతూ, ఇంకోవైపు సాగుతూ ఉంటుంది. బిగిస్తూ సాగడం వల్ల లోపలి దారాల అమరిక అక్కడక్కడా చెదురుతుంది, వాపు వస్తుంది, రెండో రోజుకు నొప్పి ముదురుతుంది. తర్వాత ఒళ్లు దాన్ని బాగుచేసుకుంటుంది, బాగుచేసినప్పుడు ముందుకంటే గట్టిగా చేస్తుంది. పీచుల సంఖ్య పెద్దగా పెరగదు, ఉన్న పీచులే లావెక్కుతాయి. రెండోసారి అదే కొండ ఎక్కి దిగితే అంత నొప్పి ఉండదు. ఇది నేను నా కాళ్ల మీదే చూసుకున్నాను. కష్టపెడితే కండ పెరుగుతుంది, వాడకపోతే తరుగుతుంది. ఇంత అందమైన సూత్రం చేతికి దొరికితే ఎవరైనా ఊరకుంటారా?

ఆ మధ్య రెండేళ్లుగా అత్తకు కుడికాలు నీరసిస్తోంది. పోలియో వచ్చిన ఎడమది కాదు, బాగున్న కుడికాలు. ఆ కాలితోనే ముప్ఫై ఏళ్లు మిషను తొక్కింది. నా ఇంటర్మీడియెట్ ఫీజులో సగం ఆ తొక్కుడులోంచి వచ్చిందే. గడప దాటేటప్పుడు కుడికాలు తట్టుకుంటోందనీ, సాయంత్రమయ్యేసరికి తొడలో సత్తువ ఉండటం లేదనీ అంటే, వయసు మీద పడింది గదా అన్నాడు నాయన. యాభై నిండినాయి. పనికి బద్ధకమని పక్కింటావిడ అనిందట. నేను నా సూత్రం తీసినాను. "అత్తా, ఎప్పుడూ మిషను ముందరే కూర్చుంటే కండ తరిగిపోతుంది. పొద్దునా సాయంత్రం చెరువు కట్ట దాకా నడువు. కుర్చీలోంచి రోజూ యాభైసార్లు లేచి కూర్చో. కండ దానంతటదే వస్తుంది" అన్నాను. కాలేజీలో చదివే పిల్లోడు చెప్పినాడని ఆమె తూచా తప్పకుండా చేసింది. మూడు నెలలు. నొప్పి పుడితే, నొప్పి పుడితేనే బాగుపడుతుందని నేనే చెప్పి ఉన్నాను గదా, ఇంకొంచెం ఎక్కువ నడిచింది.

దసరా సెలవులకు పోయేసరికి ఆమె రెండు చేతులా గోడ పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి, "ఇంకా కండ రాలేదురా, ఇంకెన్ని దినాలు?" అని నవ్వింది.

తిరుపతికి తిరిగొచ్చి మా లెక్చరర్ ఒకాయనకు ఈ సంగతి చెప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. "కండరాల అధ్యాయం చదివినావు. నాడీకణాల అధ్యాయం తర్వాత ఎప్పుడో వస్తుంది. రెండూ కలిపి ఎప్పుడన్నా చదివినావా?" అని అడిగి, లైబ్రరీలో ఏ బీరువాలో చూడాలో చెప్పినాడు.

పోలియో కండర జబ్బు కాదు. నీళ్లతో, తిండితో నోట్లోంచి కడుపులోకి పోయే వైరస్ అది. సోకిన వాళ్లలో చాలామందికి ఏమీ కాదు, కొందరికి రెండు రోజుల జ్వరం. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రం అది వెన్నుపాములోకి పోయి, పైన చెప్పిన చలన నాడీకణాలను చంపుతుంది. కండలో లోపం లేదు, ఆక్టిన్, మయోసిన్, కాల్షియం, ఏటీపీ అన్నీ ఉన్నాయి. మాట చెప్పే వాడే లేడు. మాట రాని కండ ఊరికే నిద్రపోయి ఉండదు, ఎండిపోతుంది, ఆ చోటును కొవ్వూ నారా ఆక్రమిస్తాయి. అత్త అడిగినదానికి ఇది జవాబు. ఆ కాలు వినకపోవడం కాదు, దానికి చెప్పేవాళ్లు పోయినారు.

నాకు చెమట పట్టించింది దీని తర్వాతి పేజీ. అన్ని నాడీకణాలూ చావవు, కొన్ని మిగులుతాయి. మిగిలిన కణాలు తమ తీగ కొసల నుంచి కొత్త పాయలు పుట్టించి, దిక్కులేని పక్క పీచులను కూడా తమ కిందికి తీసుకుంటాయి. ఒకటి తన మామూలు బాధ్యతకు కొన్ని రెట్లు మోస్తుంది. జ్వరం తగ్గిన కొన్ని నెలల్లో కాలికి బలం తిరిగి వచ్చేది ఇందువల్లనే. చూసేవాళ్లకు ఆ కాలు బాగైపోయినట్టే కనిపిస్తుంది. ముప్ఫై, నలభై ఏళ్లు ఆ అదనపు బరువు మోసి మోసి, ఆ కణాలు అలిసిపోతాయి. తాము వేసిన పాయలను ఒక్కొక్కటే వదిలేస్తాయి. అప్పుడు కొత్తగా నీరసం వస్తుంది, బాగున్నదనుకున్న కాలికే వస్తుంది. పోలియో తర్వాతి జబ్బు అని దానికి పేరు కూడా ఉంది. మెల్లగా, అలుపు రాకుండా చేసే కసరత్తు మేలు చేస్తుంది. అలిసేదాకా, నొప్పి పుట్టేదాకా చేస్తే చెరుపు. నేను చెప్పింది సరిగ్గా ఆ రెండోది.

మా అవ్వను అడిగినాను, అత్తకు జ్వరమొచ్చినప్పుడు కుడికాలు బాగుండెనా అని. "యాడ బాగుండె? రెండు కాళ్లూ పడిపోయినాయి. నెల దాటినాక కుడికాలు లేచింది. దేవుడు ఒకటన్నా ఇచ్చినాడు" అనింది. యాభై ఏళ్లుగా ఆ మాట మా ఇంట్లోనే ఉంది. ఎవరమూ అడగలేదు.

అత్తను తిరుపతి తీసుకొచ్చి డాక్టరుకు చూపించినాం. ఆయన చెప్పిందీ అదే. నడక తగ్గించమన్నాడు, చేతికర్ర పట్టమన్నాడు, మిషను కాలితో తొక్కడం మానమన్నాడు. బస్సులో తిరిగి పోతూ నాయనకు నాడీకణాల కథంతా వివరించబోయినాను. సగంలోనే ఆయన, "తెలిసింది లేరా. పక్క కయ్యల బోర్లు ఎండిపోతే ఒక మోటరు మీదే మూడు కయ్యలూ తడిపినట్టు. నలభై ఏళ్లు తిరిగింది. ఇప్పుడు కాయిలు కాలిపోతా ఉంది" అన్నాడు. ఏ పుస్తకంలోనూ ఇంత బాగా లేదు. అప్పటినుంచి అత్త పని గురించి ఆయన నోట వయసనే మాట రాలేదు.

ఇంకో సంగతి ఉంది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించినాను.

అత్తకు జ్వరమొచ్చింది 1975 ప్రాంతంలో, నడక నేర్చిన కొత్తలో. అప్పటికి మా పల్లెల్లో పోలియో చుక్కలు ఎవరికీ తెలియవు. మూడో రోజున కాళ్లు పడిపోయినాయి. మా జిల్లాలో ఎవరికి ఏ ఎముక విరిగినా పోయేది పుత్తూరుకే గదా, తాత బిడ్డను భుజాన వేసుకుని బస్సులు మారి పుత్తూరు కట్టు కట్టించడానికి పోయినాడు. చూసినాయన కాలంతా తడిమి, ఎముక సుబ్బరంగా ఉంది, కట్టుతో పని లేదు, డబ్బులొద్దు పొమ్మన్నాడట. ఉన్నమాట చెప్పినాడు. ఇంటికొచ్చి గంగమ్మకు మొక్కుకున్నారు. అవ్వ మనసులో మాత్రం రెండు నేరాలు పడిపోయినాయి. నాట్లప్పుడు బిడ్డను తడి గట్టు మీద పడుకోబెట్టింది, ఆ చెమ్మ కాళ్లకెక్కింది అనేది ఒకటి. ముందటేడు జాతరకు ఒప్పుకున్న మేకపోతును ఇవ్వలేదనేది రెండోది. ఈ రెంటికీ ఆమె యాభై ఏళ్లుగా తనను తాను తిట్టుకుంటూనే ఉంది. చెమ్మ వల్ల కాదు, మొక్కు వల్ల కాదు, ఊళ్లోని బిడ్డలందరి కడుపులోకీ పోయి ఉండే పురుగు ఇది, రెండువందల్లో ఒకరికి ఇట్లా అవుతుంది, ఆ ఒకరు అత్త అయింది, అంతే అని చెప్పినాను. అవ్వ చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఏమోరా. జ్వరం రాగానే నేనే పట్టుబట్టి సూది వేయించినా. మీ తాత వద్దంటున్నా వినలే. ఆ సూదన్నా పడబట్టి పాప దక్కింది" అనింది.

నేను తల వంచుకున్నాను. ఎందుకంటే ఆ పుస్తకంలోనే ఇంకో పేజీ ఉంది. పోలియో వైరస్ ఒంట్లో ఉన్న రోజుల్లో కండలోకి సూది గుచ్చితే, ఆ కాలికే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందని 1950లో ఇంగ్లండులోనూ, ఆస్ట్రేలియాలోనూ వైద్యులు గమనించారు. గాయపడిన కండ నుంచి వైరస్ నాడీతీగ వెంబడి వెన్నుపాములోకి తొందరగా పాకుతుందని తర్వాత ప్రయోగాల్లో తేలింది. అత్తకు సూది వేసింది ఎడమ పిర్రకు. ఒక బిడ్డ విషయంలో ఇందువల్లనే ఇట్లా అయిందని ఎవరూ చెప్పలేరు. సూది లేకున్నా రావచ్చు, వచ్చినవాళ్లు లక్షల మంది. సూది వేసినాయనకూ అవ్వకూ ఈ సంగతి తెలిసే దారి లేదు. ఇదంతా నిజమే. అయినా ఎడమ పిర్ర అనే మాట విన్నప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. వెంట్రుకవాసంత నునుపు కండరాల పని, మన మాట వినని రకం.

అత్తకు మాత్రం అంతా చెప్పినాను. ఆమెకు దాచే హక్కు నాకు లేదనిపించింది, కాలు ఆమెది. ఆమె చేతిలోని గుడ్డ మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. "మా అమ్మకు ఈ మాట చెప్పొద్దు. నా విషయంలో తాను చేసిన మంచి పని ఆ సూదొక్కటే అనుకుంటా ఉంది. అది కూడా తీసేస్తే ఏమి మిగులుతుంది?" అనింది. సైన్సు విద్యార్థి నిజం దాచవచ్చునా అని మిత్రులు అడగవచ్చు. నేను దాచినాను. అవ్వకు చదువు రాదు. ఈ వ్యాసం అత్త చదివి, రెండు చోట్ల నా తెలుగు దిద్ది, అచ్చుకిమ్మన్న తర్వాతే ఇస్తున్నాను.

నేను పుట్టినాక మా ఊళ్లో చుక్కల మందు వేసే ఆదివారం వస్తే నన్ను చంకనేసుకుని బడి దగ్గరికి పోయేది అత్తేనట. మా అమ్మ తీసుకుపోతానన్నా ఇచ్చేది కాదట. ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో తన ఎడమ తొడనూ పట్టుకుని, అందరికంటే ముందు వరసలో నిలబడేదట. చిటికెన వేలికి సిరా పెట్టించుకుని వచ్చి ఇంట్లో అందరికీ చూపించేదట. దేశమంతటా ఆ చుక్కలు 1995లో మొదలైనాయి. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో వచ్చింది. 2014 మార్చి 27న దేశానికి పోలియో లేదని ధ్రువపత్రం ఇచ్చినారు. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పోలియో పిల్లలకు కాళ్లు సరిచేసే ఆపరేషన్లు ఎన్నో జరిగినాయి. ఆ పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్లలో ఎవరికైనా, బాగున్న కాలు ఈ మధ్య నీరసిస్తోందంటే, నాలాంటి సలహా ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపండని చదివేవాళ్లకు మనవి. నాకు తెలిసిన పనికొచ్చే ముక్క ఇదొక్కటే.

మిషనుకు మోటరు బిగించడానికి అత్త చాన్నాళ్లు ఒప్పుకోలేదు. కాళ్లు లేనివాళ్లకు గదా అది అనింది. మోటరు చప్పుడుకు కుట్టు సరిగా పడదనింది. చివరికి సంక్రాంతి బట్టల పని నెత్తిన పడి, కుడికాలు లేవక, తానే పిలిచి బిగించమనింది. ఇప్పుడు కాలివేలితో చిన్న మీట నొక్కితే చాలు. చారల గుడ్డ వస్తే మాత్రం మోటరు ఆపేసి, చక్రం చేత్తో తిప్పి కుడుతుంది.

రోజూ సందెవేళ అవ్వ ఆముదం గోరువెచ్చగా చేసి అత్త ఎడమ పిక్కకు మర్దనా చేస్తుంది. యాభై ఏళ్లుగా ఒక్క రోజు తప్పలేదంటారు. ఆ పిక్కలో నూనె పట్టడానికి కండ అంటూ ఏమీ లేదని నాకు తెలుసు. పోయినసారి నేనుండగా అత్త కుడికాలు కూడా చాపింది. అవ్వ చెయ్యి ఆపి చూసింది.

"దీనికేమొచ్చె?"

"అది దీని పని కూడా చేసి చేసి అలిసిపోయిందంట మా. మీ మనవడే చెప్పినాడు."

అవ్వ నా వైపు ఒకసారి చూసి, గిన్నెలోంచి ఇంకొంచెం ఆముదం చేతిలోకి ఒంపుకుంది.